సీటొచ్చింది సరే, తూము ఎవరి చేతిల ఉన్నది?

రెండేండ్ల కింద మా వాడ నుంచి ఒక పిలగాడు పట్నం కాలేజీకి పోయిండు. తండ్రి మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. తల్లి నాట్లకు, కలుపులకు పోతది. పిలగాడు గురుకులంలో చదివి, ఎంట్రెన్సు రాసి, సీటు తెచ్చుకున్నడు. ఆ రోజు వేములపల్లి రోడ్డు మీద మా వాడంతా నిలబడ్డది. డప్పు కొట్టినం. రేకు పెట్టె బస్సుల పెట్టినం. 'మన పేరు నిలబెట్టు బిడ్డా' అని ముసలోళ్లు తల నిమిరిన్రు.

మూడో నెలలో పెట్టె తిరిగొచ్చింది. 'నేనింక పోను నాయినా' అన్నది ఒక్కటే మాట.

వారం రోజులు అడిగితే మెల్లమెల్లగా చెప్పిండు. ఎవరూ కొట్టలేదు. కులం పేరు పెట్టి తిట్టనూ లేదు. మొదటి రోజు రూములో ఉన్నోళ్లు 'నీ ర్యాంకెంత?' అని అడిగిన్రు. మన పిల్లలకు ర్యాంకు చెప్పుడంటే కులం చెప్పుడే. ఆనాటి నుంచి ల్యాబులో జట్టు కట్టేకాడ ఇతన్ని పిలిచినోడు లేడు. సారు ఇంగ్లీషులో ఏదో అడిగితే జవాబు తెలిసి కూడా నోరు పెగలలేదు. 'కోటా వాళ్లతో ఇదే తంటా' అని సారు నవ్విండు. క్లాసు క్లాసంతా నవ్వింది. స్కాలర్‌షిప్పు రాలేదు, మెస్ బాకీ పెరిగింది. బాకీదార్ల పేర్లు నోటీసు బోర్డు మీద అంటించిన్రు. అందులో మొదటి పేరు ఇతనిదే. ఆ రాత్రే పెట్టె సర్దుకున్నడు.

ఆ కాలేజీ పేరు మేమిక్కడ రాయడం లేదు. ఆ ఒక్క కాలేజీని తిడితే తీరే బాధ కాదిది. మా బాధ ఇంకొకటి. పిలగాడు తిరిగొచ్చినంక మా వాడలోనే కొందరు 'పిరికోడు' అన్నరు. 'మనకెందుకురా ఆ పెద్ద చదువులు' అన్నరు. ఆ మాట మేం ఒప్పుకోం. ఆ పిలగాడు ఓడిపోలేదు. మనమే అతన్ని ఒంటరిగా పంపినం.

కాల్వ ఒకటి, తూము ఇంకొకటి

సాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్లోళ్లకు ఈ సంగతి ఎక్కువ వివరించే పని లేదు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. కాల్వ నిండుగా పారినంత మాత్రాన చివరి మడికి నీళ్లొస్తయా? తూము కాడ ఎవడు కూసున్నడు? రాత్రిపూట తలుపు ఎవడు దించిండు? నడుమ గండి ఎవడు కొట్టుకున్నడు? ఇవన్నీ కనిపెట్టి ఉంటేనే చివరి మడి తడుస్తది. లేకుంటే కాల్వ మన కండ్ల ముందర నుంచే పారుతది, మన చేను ఎండిపోతది.

రిజర్వేషన్ కూడా అట్లాంటి కాల్వే. రాజ్యాంగం తవ్విన కాల్వ. కాలేజీ లోపల ఉండే ఇంటర్వ్యూ, ఇంటర్నల్ మార్కులు, గైడు, ఫెలోషిప్పు, హాస్టలు రూము, హాజరు పట్టీ — ఇవన్నీ తూములు. కాల్వ మనకు దక్కింది. తూములు ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉన్నయి. సీటు దొరకంగనే పోరాటం అయిపోయిందని అనుకోవడమే మనం చేస్తున్న పెద్ద తప్పు. సీటు దొరికిన నాడే అసలు పోరాటం మొదలైతది. ఆ పోరాటం ఒక్క విద్యార్థిది కాదు, వాడది.

ఇది ఎవరి భిక్షా కాదు

ఈ కాల్వ ఎవరో దయదలిచి తవ్వింది కాదన్న సంగతి ముందుగా మన పిల్లలకు తెలవాలె. ఇదే హైదరాబాదు గడ్డ మీద భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. నిజాం రాజ్యంలో అంటరాని పిల్లలకు బళ్లు లేని రోజుల్లో ఆ బళ్లు తనే నడిపాడు. 1944లో అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడుగా ఉన్నప్పుడు షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పై చదువుల స్కాలర్‌షిప్పులు మొదలైనయి. మన పిల్లలు ఇప్పుడు తీసుకునే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు మూలం అదే. 1950లో అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్న ఔరంగాబాదులో అంబేడ్కర్ మిలింద్ కాలేజీ తెరిపించాడు. మద్రాసు రాష్ట్రంలో కులాలవారీ సీట్ల పంపకాన్ని కోర్టులు కొట్టేస్తే, దక్షిణాదిలో లేచిన ఆందోళనకు తలొగ్గి 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చారు. 15వ అధికరణంలో నాలుగో ఖండం అట్లా వచ్చింది. తర్వాతి రోజుల్లో ఎస్.ఆర్.శంకరన్ లాంటి అధికారి సాంఘిక సంక్షేమ హాస్టళ్ల మీద, గురుకులాల మీద మనసు పెట్టి పనిచేశాడు. ఆ హాస్టళ్ల పురుగులన్నం తిని అయినా మనలో మొదటి తరం డిగ్రీ గడప తొక్కింది.

కాబట్టి 'మీకు ఊరికే సీట్లిచ్చిన్రు' అన్నోడికి మన బిడ్డ తల దించుకోనక్కర్లేదు. ఊరికే వచ్చింది ఒక్కటీ లేదు.

ఇక మెరిట్ మాట. 1986లో రాష్ట్రంలో బీసీల కోటా పెంచినప్పుడు, 1990లో మండల్ సిఫారసులు అమలు చేస్తామన్నప్పుడు అగ్రకులాల విద్యార్థులు రోడ్ల మీద బూట్లు పాలిష్ చేసి, చీపుర్లు పట్టి ఊడ్చి నిరసన చెప్పారు. మన తాతముత్తాతలు చేసిన పని వాళ్లకు ఒక్క పూట చేస్తేనే అవమానం అయింది! మేం ఒకటే అడుగుతం. మేనేజిమెంటు కోటాలో లక్షలు పోసి కొన్న సీటుకు మెరిట్ పోదా? ఎన్నారై కోటా సీటుకు పోదా? తాత, తండ్రి, మామ ప్రొఫెసర్లుగా ఉన్న ఇంటి పిలగానికి ఇంటర్వ్యూలో పడే మార్కులకు మెరిట్ పోదా? హమాలీ కొడుకు కూర్చున్న బెంచీ కాడనే మెరిట్ ఎందుకు కూలిపోతది?

వెలివాడ యూనివర్సిటీలోకి ఎట్లా వచ్చింది

1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో తగవు ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు తగిలిందన్న కాడ. అంటే మన చదువే వాళ్ల కంట్లో నలుసు. ఆ రెండు ఊళ్ల నెత్తురు యూనివర్సిటీల్లో చదివే మన పిల్లలను కూడా కదిలించింది. 1993లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పుట్టింది. 1974లో మొదలైన ఆ యూనివర్సిటీలో మన పిల్లలు తమ పేరుతో, తమ జెండాతో నిలబడటానికి దాదాపు 20 ఏండ్లు పట్టింది.

నిలబడ్డాక ఊరుకున్నరా? 2002 జనవరిలో హాస్టలు తగవులో 10 మంది దళిత విద్యార్థులను యూనివర్సిటీ బహిష్కరించింది. తమిళనాడులో సేలం ప్రాంతం నుంచి, పందులు మేపుకునే పన్నియాండి కులం నుంచి వచ్చిన సెంథిల్ కుమార్ ఫిజిక్సులో పీహెచ్‌డీ చేరాడు. గైడు ఎవరో తేలలేదు, ఫెలోషిప్పు చిక్కుల్లో పడింది. 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. 2013 నవంబరులో కెమిస్ట్రీ పరిశోధకుడు మాదారి వెంకటేశ్‌దీ అదే దారి. గైడు కోసం తిరిగి తిరిగి అలిసిన బిడ్డ అతను. తూము మూయడం అంటే ఇదే. సీటు తీసేయరు. రిజిస్టర్లో పేరు అట్లనే ఉంటది. నీళ్లు మాత్రం రానియ్యరు.

రోహిత్ వేముల సంగతి ఊరూరా తెలుసు. గుంటూరులో బట్టలు కుట్టి సాకిన తల్లి కొడుకు. కోటాలో కాదు, జనరల్ మెరిట్‌లోనే సీటు తెచ్చుకున్నాడు. ఏం లాభం? నెలకు 25 వేల ఫెలోషిప్పు 7 నెలలు ఆగిపోయింది. లక్షా 75 వేలు బాకీ. 2015 డిసెంబరులో అతన్ని, ఇంకో నలుగురు దళిత పరిశోధకులను హాస్టలు నుంచి వెళ్లగొట్టారు. గుంపుగా హాస్టళ్లలోకి రావద్దు, పరిపాలనా భవనంలోకి రావద్దు, ఎన్నికల్లో నిలబడొద్దు అన్నారు. ఇది ఊరి చావడిలో పెద్దలు వేసే వెలి కాకపోతే ఏంది? ఆ అయిదుగురూ షాపింగ్ కాంప్లెక్సు కాడ గుడారం వేసుకొని, అంబేడ్కర్ ఫోటో పెట్టుకొని, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. దేశమంతా విద్యార్థులు లేచారు. ఎనిమిదేండ్లకు, 2024 మేలో, రోహిత్ ఎస్సీయే కాదంటూ పోలీసులు కేసు మూసే రిపోర్టు కోర్టులో వేశారు. గొడవ అయినంక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చచ్చిపోయిన బిడ్డ కాడ కూడా కుల సర్టిఫికెట్ అడిగే రాజ్యం ఇది.

ఈ మరణాలను మేం 'త్యాగాలు' అని పొగడం. పొగడవద్దని మీకూ మనవి. మన పిల్లలు బతికి, చదివి, ఆ గద్దెల మీద కూసోవాలె. మనకు కావాల్సింది పటాలకు దండలు కాదు.

నల్లజాతి విద్యార్థులు ఏం చేసిన్రు

ఈ కథ మన ఒక్కరిదే కాదు. సముద్రాల అవతల అమెరికాలో నల్లజాతి పిల్లలది అచ్చంగా ఇదే కథ. వాళ్లకూ మనకూ చుట్టరికం కొత్తది కాదు. 1873లో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వం రద్దు కోసం పాటుపడ్డ అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్కు కొలంబియా యూనివర్సిటీలో చదివాడు. నల్లజాతి వాళ్ల హార్లెం పేట దాని పక్కనే. 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు అంబేడ్కర్ ఉత్తరం రాశాడు. మీ జాతి తరఫున ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ నకలు పంపండని అడిగాడు. మనం ఆ చుట్టరికాన్ని మరిచిపోయినం, అంతే.

అక్కడ తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఒక బడి ఉండేవి. అది చెల్లదని 1954లో వాళ్ల సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాల్వ తవ్వారన్న మాట. మరి తూము? ఆథరీన్ లూసీ అనే నల్ల యువతి కోర్టు ఉత్తర్వు పట్టుకొని 1956 ఫిబ్రవరిలో అలబామా యూనివర్సిటీలో చేరింది. మూడు రోజులు క్లాసులకు పోయింది. తెల్లవాళ్ల గుంపు రాళ్లు, గుడ్లు విసిరింది. యూనివర్సిటీ ఎవరిని సస్పెండ్ చేసింది? గుంపును కాదు, ఆ పిల్లను. 'ఆమె రక్షణ కోసమే' అన్నది! ఇదేందని ఆమె తరఫు వకీళ్లు కోర్టుకెక్కితే, మా మీద నింద వేసిందని పూర్తిగా బహిష్కరించింది. ఆ బహిష్కరణను యూనివర్సిటీ 1988లో రద్దు చేసుకున్నది. ఆమె మళ్లీ చేరి 1992లో పీజీ పట్టా పుచ్చుకున్నది. 36 ఏండ్లు! మన ఊళ్లల్ల కూడా 'గొడవలైతయి, మీ మంచికే చెప్తున్నం, మీరే ఊరిడిచి పోండ్రి' అనే పెద్దమనుషులను చూసినం కద. భాష వేరు, బుద్ధి ఒకటే.

ఇంకొక సంగతి. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు నల్ల విద్యార్థులు ఒక పెద్ద దుకాణంలోకి పోయారు. అక్కడ సబ్బులు, కాగితాలు నల్లవాళ్లకు అమ్ముతారు. డబ్బులు తీసుకుంటారు. కానీ కాఫీ బల్ల కాడ కూసోనియ్యరు. ఈ నలుగురూ పోయి ఆ బల్ల కాడ కూర్చున్నారు. కాఫీ పోయలేదు. లేవలేదు. తెల్లారి ఇంకొందరు విద్యార్థులు వచ్చారు, ఆ తెల్లారి మరికొందరు. కొద్ది వారాల్లో పక్క రాష్ట్రాల ఊళ్లకు కూడా పాకింది. జూలైలో ఆ దుకాణం దిగివచ్చింది. చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన నల్లగొండ జిల్లా వాళ్లకు ఆ కాఫీ విలువ ఒకరు చెప్పాలా? మనకు విడిగా పెట్టిన గ్లాసు మనమే కడిగి బోర్లించి వచ్చిన రోజులు మన పెద్దోళ్లు మర్చిపోలేదు.

ఆ ఏప్రిల్లోనే ఎల్లా బేకర్ అనే పెద్దామె విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టింది. ఎవరికిందా పని చేయొద్దు, మీ సంఘం మీరే పెట్టుకోండని చెప్పింది. ఆ సంఘం విద్యార్థులు కాలేజీలో కూర్చొని ఉపన్యాసాలు ఇవ్వలేదు. మిసిసిపీ పత్తి చేలల్లోకి పోయారు. కూలీల ఇండ్లల్లో పండుకున్నారు. ఓటు నమోదు చేయించారు. 1964 వేసవిలో పల్లెల్లో 40కి పైగా 'ఫ్రీడమ్ స్కూళ్లు' నడిపారు. చదువుకున్నోడు వాడకు తిరిగి రావడం అంటే అది.

తర్వాత 1968 నవంబరు 6న శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు సమ్మె కట్టారు. 1969 మార్చి దాకా, నాలుగు నెలలకు పైగా సాగింది. పోలీసు లాఠీలు పడ్డయి, వందల మంది జైళ్లకు పోయారు. మెక్సికన్, చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ మూలాల పిల్లలు, ఆదివాసీ పిల్లలు వాళ్లతో కలిసి నిలబడ్డారు. వాళ్లు అడిగింది ఒక్క సీట్లే కాదు. మాకు పాఠం చెప్పేవాళ్లలో మావాళ్లు ఉండాలె అన్నారు. పాఠంలో మా చరిత్ర ఉండాలె అన్నారు. ఎవరిని చేర్చుకోవాలో చెప్పే అధికారంలో మాకు పాలు కావాలె అన్నారు. అంటే కాల్వ కాదు, తూములు అడిగారు. అడిగినవన్నీ దక్కలేదు. కానీ ఆ జాతుల చరిత్ర, సంస్కృతి చెప్పే ప్రత్యేక విద్యాలయం ఆ దేశంలోనే మొదటిసారి ఆ కాలేజీలో తెరుచుకుంది. అదే రోజుల్లో ఓక్లండ్‌లో ఇద్దరు కాలేజీ విద్యార్థులు 1966లో మొదలుపెట్టిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరు చూసే 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టుకున్నారు.

వాళ్లు నష్టపోయిన కాడ మనం నేర్చుకోవాలె

అక్కడ ఎక్కడ దెబ్బ తగిలింది? 1978లో బక్కీ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు, నల్లవాళ్లకు ఇన్ని సీట్లని లెక్క కట్టి పెట్టొద్దన్నది. క్లాసులో రకరకాల వాళ్లుంటే అందరి చదువుకూ మంచిది కాబట్టి రంగును కూడా ఒక సంగతిగా చూడొచ్చు, అంతవరకే అన్నది. దానికి 'డైవర్సిటీ' అని పేరు. వినడానికి మంచిగనే ఉంటది. కానీ తేడా గమనించండ్రి. వందల ఏండ్లు దోచుకున్నదానికి బాకీ తీర్చడం అన్న మాట పోయింది. హక్కు అన్న మాట పోయింది. తెల్లపిల్లల విస్తరిలో నల్లపిల్లలు పచ్చడి మెతుకయ్యారు. పచ్చడి ఉంటే రుచి, లేకుంటే అన్నం ఆగదు కద! 2023 జూన్ 29న అదే సుప్రీంకోర్టు ఆ కాస్తా వద్దన్నది. మరుసటి ఏడు ఎంఐటీ అనే పేరుమోసిన కాలేజీలో కొత్తగా చేరినవాళ్లలో నల్లపిల్లలు నూటికి 5 మందికి పడిపోయారు. అంతకు ముందు ఏండ్లలో సగటున 13 మంది ఉండేవాళ్లు.

మనది వైవిధ్యం కాదు, వాటా. దయ కాదు, రాజ్యాంగం. ఈ తేడా మన పిల్లల నోట పలకాలె. ఎందుకంటే ఇక్కడ కూడా కాల్వను పక్కకు మళ్లించే పని గట్టిగనే సాగుతున్నది. సర్కారు యూనివర్సిటీలు ఖాళీ పోస్టులతో ఎండుతున్నయి, ప్రైవేటు యూనివర్సిటీలు లేస్తున్నయి. 2018లో తెచ్చిన తెలంగాణ ప్రైవేటు యూనివర్సిటీల చట్టం తెలంగాణ పిల్లలకు నూటికి 25 సీట్లన్నది గానీ ఎస్సీ, ఎస్టీలకు వాటా రాయలేదు. ప్రైవేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషన్ పెట్టేందుకు 2005లోనే 93వ రాజ్యాంగ సవరణ చేశారు. దారి ఉన్నది, నడిచే ధైర్యం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బతికే పిల్లల గతి ఏంది? బకాయిలు ఇయ్యలేదని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసినయి. సర్కారుకూ యాజమాన్యానికీ నడుమ మన పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు పడ్డయి.

పాఠం చెప్పేవాళ్ల సంగతి చూడండ్రి. 2018 మార్చిలో యూజీసీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. టీచర్ల పోస్టుల రిజర్వేషన్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని కాక ఒక్కో డిపార్టుమెంటును విడిగా లెక్కపెట్టాలన్నది. వినడానికి చిన్న మార్పు. లోపల మతలబు పెద్దది. ఆ లెక్కలో నాలుగో పోస్టు బీసీకి, ఏడో పోస్టు ఎస్సీకి, పద్నాలుగో పోస్టు ఎస్టీకి. ఆరు పోస్టులే ఉన్న డిపార్టుమెంటులో ఏడో పోస్టు ఎన్నడొస్తది? ఎస్సీ మాటే రాదు. ఒక్క ఇటుక కదల్చకుండా తూము మూసేయడమంటే ఇదే. 2019 మార్చి 5న దేశవ్యాప్త బంద్ జరిగితే, రెండు రోజులకే ఆర్డినెన్సు వచ్చింది. ఆ ఏడాదే చట్టమై మళ్లీ యూనివర్సిటీ మొత్తం లెక్కలోకి వచ్చింది. కావలి ఉంటే తూము తెరుచుకుంటదని రుజువైంది.

వివక్ష మీద ఫిర్యాదు చేసుకునేందుకు 2012 నుంచే యూజీసీ నిబంధనలు ఉన్నయి. ప్రతి కాలేజీలో ఈక్వల్ ఆపర్చునిటీ సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలె. చాలా కాడ బోర్డు ఉంటది, మనిషి ఉండడు. రోహిత్ తల్లి రాధిక, ముంబైలో బిడ్డను పోగొట్టుకున్న ఇంకొక తల్లి 2019లో సుప్రీంకోర్టుకు పోయి, ఈ నిబంధనలకు పళ్లు లేవని మొరపెట్టుకున్నారు. 2026 జనవరి 13న యూజీసీ కొత్త నిబంధనలు ప్రకటించింది. అగ్రకులాల సంఘాలు రోడ్డెక్కాయి. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని నిలిపేసి, 2012 నాటివే నడవాలన్నది. చూసిన్రా? మన తల్లుల మొరకు ఏండ్లు పట్టింది. వాళ్ల అలకకు పదహారు రోజులు చాలింది.

మన ఇంటి లోపలి మాట

ఎదుటోళ్లను అడిగే ముందు మనల్ని మనం అడుక్కోవాలె. వాటా అంటే మన నడుమ కూడా వాటానే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా 30 ఏండ్లు కొట్లాడితే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అమలుకొచ్చింది. 15 శాతం మూడు పాళ్లయింది: 1, 9, 5. ఇప్పుడన్నా మాల పిలగాడు, మాదిగ పిలగాడు, బుడగజంగం పిలగాడు హాస్టల్లో ఒక్క బల్ల మీద తినాలె. శాన్‌ఫ్రాన్సిస్కోలో అన్ని జాతులు కలిసినందుకే సమ్మె నిలబడ్డది. పాలు పంచుకున్న అన్నదమ్ములు శత్రువులు కారు. తూము కాడ పోయేటప్పుడు ఒక్కటిగా పోతరు.

ఆడపిల్లల సంగతి. 'అంత దూరం ఎందుకు, ఇక్కడనే డిగ్రీ చాలు, పెండ్లి చేద్దాం' అనే మాట మన వాడలో ఇంకా వినపడుతున్నది. సమాజం ఒక తలుపు మూస్తే ఇంకొకటి మనమే మూస్తున్నం. ఆథరీన్ లూసీ 36 ఏండ్లకు తిరిగొచ్చి పట్టా తీసుకున్నది. మన బిడ్డలను అన్నేండ్లు ఆపుదామా?

ఉద్యోగం రాంగనే వాడ పేరు మర్చిపోయే అన్నలకూ ఒక మాట. మీరు పట్నంలో ఇల్లు కట్టుకుంటే మాకు సంతోషమే. కానీ మీరు నడిచిన దారి తెలిసినోడు వాడలో ఇంకొకడు లేడు. ఏ ఆఫీసులో ఏ కాగితం ఇయ్యాలె, ఏ సారు కాడ ఎట్లా మాట్లాడాలె అన్నది మీకే తెలుసు. ఆ తెలివి మీ ఒక్కరి సొత్తు కాదు, వాడ సొమ్ము. ఏడాదికి నాలుగు రోజులు తిరిగియ్యండ్రి.

వాడ చేయాల్సిన పని

ఉపన్యాసం చాలు, పని చెప్పండ్రంటరు. వేములపల్లి నుంచి అటు మిర్యాలగూడ, కోదాడ దాకా, ఇటు నల్లగొండ, సూర్యాపేట దాకా ప్రతి వాడలో ఈ అయిదు పనులు మొదలు పెట్టాలని మా ప్రతిపాదన.

ఒకటి: ప్రతి వాడలో విద్యార్థి కావలి కమిటీ. అయిదుగురు చాలు. అందులో ఇద్దరు ఆడోళ్లుండాలె. పై చదువుకు పోయిన ప్రతి పిల్ల, ప్రతి పిలగాని పేరు, కాలేజీ, ఫోను నంబరు ఒక నోటుబుక్కులో రాసి పెట్టాలె.

రెండు: చేర్పించే రోజు పిల్లలతో పాటు ఒక పెద్దమనిషి పోవాలె. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తే రసీదు తీసుకోవాలె. ఎస్సీ, ఎస్టీ సెల్ ఎక్కడున్నది, అధికారి ఎవరు అని ఆ రోజే అడిగి రాసుకోవాలె. అడిగేవాడు ఒకడున్నడని కాలేజీకి తెలిస్తేనే సగం పని అయిపోతది.

మూడు: మొదటి ఏడాది నెలకొక్కసారి ఫోను చేయాలె. 'మార్కులెన్ని' అని కాదు. 'ఎవరితో తింటున్నవ్? రూములో ఎట్లున్నది? స్కాలర్‌షిప్పు పడ్డదా?' అని. మా పిలగాణ్ని మేం ఈ మూడు ప్రశ్నలు అడగలేదు. అందుకే ఈ వ్యాసం రాయాల్సి వచ్చింది.

నాలుగు: స్కాలర్‌షిప్పు ఆగినప్పుడు మెస్ బాకీకి పనికొచ్చేటట్టు వాడ చందా పెట్టె. బతుకమ్మకు, అంబేడ్కర్ జయంతికి వేసుకున్నట్టే ఇంటికింత. డబ్బు పడంగనే పిలగాడు తిరిగి పెట్టెలో వేయాలె.

అయిదు: అన్యాయం జరిగితే నోటిమాట కాదు, కాగితం. తేదీ, సమయం, సాక్షుల పేర్లు రాసి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలె. అర్జీ వెనకాల వాడంతా ఉండాలె. నల్లగొండలో 2007 నుంచి మన జిల్లాకు యూనివర్సిటీ ఉన్నది. అక్కడి మన విద్యార్థి సంఘాలకూ మన వాడలకూ నడుమ రాకపోకలు పెరగాలె. వాళ్లు సెలవుల్లో వాడకు రావాలె, మనం వాళ్ల ధర్నాకు పోవాలె.

ఇందులో ఒక్క పనికి కూడా సర్కారు జీవో అక్కర్లేదు.

మా వాడ పిలగాడు ఇప్పుడు మిల్లు లారీల కాడ లెక్కలు రాస్తున్నడు. ఈ వ్యాసం అచ్చుకు పోయే ముందు అతనికి చదివి వినిపించినం. కొద్దిసేపు ఊరుకుండు. 'నా పేరైతే రాయలేదు కద' అన్నడు. రాయలేదన్నం. పోయేముందు తలుపు కాడ ఆగి, 'మళ్లా ఎంట్రెన్సు ఎప్పుడంట?' అని అడిగిండు.

ఈసారి డప్పు కొట్టి ఊరుకోం. వెంట ఒకరం పోతం.

జై భీమ్.